కట్టలు సమానం చేయాలంటే: ప్రధాన కారణాంకాలతో రెండు లెక్కల్ని ఒకచోటికి తేవడం

శ్రావణమాసం పేరంటానికి కావాల్సినవన్నీ కొనుక్కురావడం మా ఇంట్లో ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. రెండేళ్ల కిందట హోల్‌సేల్ కొట్టుకి వెళ్తే జాకెట్ ముక్కలు కట్టకి 20, తాంబూలం సంచులు కట్టకి 24, కట్ట విప్పి ఇవ్వం అన్నాడు, సరేలే అని రెండూ నాలుగేసి కట్టలు తెచ్చేశా. ఇంటికొచ్చి లెక్కపెడితే ముక్కలు 80, సంచులు 96, అంటే 16 సంచులు ఉత్తినే మిగిలిపోయాయి. అమ్మ అయితే "టెన్త్‌లో లెక్కలకి తొంభై మార్కులు తెచ్చుకున్నావ్, ఇది చూసుకోలేదా" అని అందరి ముందూ అనేసింది.

మరుసటి ఏడాది తెలివిగా చేద్దామని 20ని 24తో గుణించా, 480 వచ్చింది, అంటే 480 ముక్కలు 480 సంచులు కొంటేనే సమానం అవుతాయన్నమాట అనుకుని, అంతమందిని పిలిస్తే భోజనాలు ఎవరు పెడతారని ఆ ఆలోచనే వదిలేశా. అక్కడే తప్పు చేశా. 480 దగ్గర సమానం అయ్యే మాట నిజమే కానీ అంతకంటే చాలా ముందే 120 దగ్గర ఒకసారి అవుతాయి, ఆ 120 ఎలా వస్తుందో, అసలు రెండు లెక్కల్ని సమానం చేయడానికి ఏం చూడాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

స్కూల్లో దీన్నే క.సా.గు అన్నారు, కనిష్ట సామాన్య గుణిజం. అప్పుడు మనం ఎక్కాలు రాసుకుంటూ పోయేవాళ్లం, 20, 40, 60, 80... ఇటు 24, 48, 72, 96... రెండు వరసల్లోనూ ఒకే నంబర్ ఎక్కడ కనపడుతుందా అని. చిన్న నంబర్లకి పర్లేదు, పెద్దవి వస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, పైగా ఎందుకు అక్కడ కలిశాయో అర్థం కాదు. ప్రధాన కారణాంకాలతో, అంటే నంబర్‌ని ఇంక విడగొట్టలేని ప్రధాన సంఖ్యలుగా (2, 3, 5, 7 లాంటివి) విడగొట్టి చేస్తే అర్థమవుతుంది.

20 = 2 × 2 × 5
24 = 2 × 2 × 2 × 3

ఇప్పుడు ఈ రెండు వరసల్నీ రెండు ఇళ్లలో ఉన్న సామాన్లు అనుకోండి. రెండిళ్లలోనూ ఒకే సామాను ఉండాలి, కానీ ఉన్నది తీసేయడానికి వీల్లేదు, లేనిది తెచ్చిపెట్టడమే కుదురుతుంది, ఎందుకంటే మనం కట్టలు పెంచగలం గానీ కట్టలో ముక్కలు తగ్గించలేం కదా. 20 ఇంట్లో ఏం లేదు? రెండు 2లు ఉన్నాయి, పక్కింట్లో మూడున్నాయి, అంటే ఒక 2 తక్కువ, 3 అసలే లేదు. అంటే 20కి 2 × 3 = 6 ఇవ్వాలి. 24 ఇంట్లో 5 ఒక్కటే లేదు, దానికి 5 ఇస్తే సరిపోతుంది.

20 × 6 = 120
24 × 5 = 120

ముక్కలు ఆరు కట్టలు, సంచులు ఐదు కట్టలు. అంతే పని. 20 × 24 అని గుడ్డిగా గుణించినప్పుడు ఏం జరిగిందంటే, రెండిళ్లలోనూ ముందే ఉన్న 2 × 2ని కూడా ఇంకోసారి తెచ్చిపెట్టాం, అందుకే 120కి నాలుగు రెట్లు వచ్చింది. ఆ రెండిళ్లకీ కామన్‌గా ఉన్న 2 × 2 = 4 నే గ.సా.భా, గరిష్ట సామాన్య భాజకం అంటారు. ఈ 4 గుర్తుపెట్టుకోండి, దీనితో చివర్లో పని ఉంది.

ఇక ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం ఎలాగంటే, భాజనీయత సూత్రాలు వస్తే చాలావరకు నోటితోనే అయిపోతుంది. చివర సరి అంకె ఉంటే 2తో పోతుంది, చివర 0 గానీ 5 గానీ ఉంటే 5తో పోతుంది, ఇవి అందరికీ తెలిసినవే. 3కి అంకెలన్నీ కూడాలి, మొత్తం 3తో పోతే నంబర్ కూడా పోతుంది, 9కి కూడా అంతే. ఇది ఏదో మ్యాజిక్ అనుకోకండి, 10 అంటే 9 + 1, 100 అంటే 99 + 1, 1000 అంటే 999 + 1, ఆ 9లు 99లు అన్నీ ఎలాగూ 9తో పోతాయి, మిగిలేది అంకెల మొత్తమే. 11కి అయితే ఒక అంకె వదిలి ఒక అంకె కూడి, వదిలేసినవి వేరే కూడి, రెండిటి తేడా చూడాలి, తేడా 0 గానీ 11తో పోయేది గానీ అయితే నంబర్ 11తో పోతుంది. 7కి రకరకాల ట్రిక్కులు ఉన్నాయి గానీ నా అభిప్రాయంలో ఆ ట్రిక్కు గుర్తుతెచ్చుకునేలోపు మామూలుగా భాగించేస్తే అయిపోతుంది. 4, 6, 8లకి విడిగా సూత్రాలు మనకి ఇక్కడ అక్కర్లేదు, 2తో, 3తో మళ్లీ మళ్లీ భాగించుకుంటూ పోతే అవే బయటపడతాయి.

ఎక్కడిదాకా భాగించి చూడాలి అన్నది చాలామందికి డౌట్. ఆ ప్రధాన సంఖ్యని దానితోనే గుణిస్తే మన నంబర్ దాటిపోతే ఆపేయొచ్చు. ఉదాహరణకి 221 ఉందనుకోండి, 17 × 17 = 289 దాటిపోయింది కాబట్టి 13 వరకు చూస్తే చాలు, 2, 3, 5, 7, 11 ఏవీ పోవు, 13 పోతుంది, 221 = 13 × 17. 13 కూడా పోకపోయుంటే 221 ప్రధాన సంఖ్య అని రాసేయొచ్చు.

కొంచెం పెద్దది చేద్దాం. 84, 90.

84 = 2 × 2 × 3 × 7
90 = 2 × 3 × 3 × 5

84కి లేనివి ఒక 3, ఒక 5, అంటే 15. 90కి లేనివి ఒక 2, ఒక 7, అంటే 14. 84 × 15 = 1260, 90 × 14 = 1260. రెండు వైపులా ఒకటే వచ్చి, ఇచ్చిన 15, 14లకి కామన్‌గా ఏమీ లేకపోతే లెక్క కరెక్ట్, వేరే చెకింగ్ అక్కర్లేదు, ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది అదే. ఇక్కడ పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఏంటంటే 2లు అక్కడ రెండు ఇక్కడ ఒకటి కాబట్టి మొత్తం మూడు అని కూడేస్తారు. కూడకూడదు. ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయో అన్నే కావాలి, ఇక్కడ రెండు.

డబ్బు సమానం చేయడం కూడా ఇదే లెక్క. పెన్ను 12 రూపాయలు, నోట్‌బుక్ 45 రూపాయలు, రెండిటి మీదా సమానంగా ఖర్చవ్వాలి అంటే 12 = 2 × 2 × 3, 45 = 3 × 3 × 5, పెన్నులకి లేనిది 3 × 5 కాబట్టి 15 పెన్నులు, నోట్‌బుక్‌లకి లేనిది 2 × 2 కాబట్టి 4 నోట్‌బుక్‌లు, చెరో 180 రూపాయలు. పాయింట్లు ఉంటే, లేదా ఒకటి మీటర్లలో ఇంకోటి సెంటీమీటర్లలో ఉంటే ముందు రెండిటినీ ఒకే చిన్న కొలతలోకి మార్చుకోండి, 1.5 మీటర్లు, 80 సెంటీమీటర్లు అంటే 150, 80 అనుకుని చేయడమే. 8 ముక్కలు ఒకవైపు, 15 ముక్కలు ఒకవైపు, రెండూ 12 మీటర్లు.

కెమిస్ట్రీలో ఈక్వేషన్ బ్యాలెన్స్ చేయడం అంటే భయపడేవాళ్లకి ఒక మాట, అక్కడా ఇదే జరుగుతుంది. ఇనుము, ఆక్సిజన్ కలిసి ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. ఆక్సిజన్ అణువుకి రెండు పరమాణువులు ఉంటాయి, ఆక్సైడ్‌లో మూడు ఆక్సిజన్లు, రెండు ఇనుములు ఉంటాయి. ఆక్సిజన్ ఒక వైపు 2లుగా వస్తోంది, ఇంకో వైపు 3లుగా కావాలి, 6 దగ్గర కలుస్తాయి, కాబట్టి ఆక్సిజన్ అణువులు 3, ఆక్సైడ్ 2, అందులో ఇనుము 4. అయిపోయింది.

నంబర్లు ఎంతకీ విడిపోకపోతే ఏం చేయాలి? 391, 493 తీసుకోండి. చూడగానే రెండూ ప్రధాన సంఖ్యల్లాగే కనపడతాయి, 2, 3, 5, 7, 11 దేనితోనూ పోవు. ఇక్కడ ఒక మంచి దారి ఉంది, రెండిటికీ కామన్‌గా ఏదైనా కారణాంకం ఉంటే అది వాటి తేడాలో కూడా ఉండి తీరాలి. తేడా 493 - 391 = 102, అంటే 2 × 3 × 17. 2 కాదు, 3 కాదు, మిగిలింది 17 ఒక్కటే, 391ని 17తో భాగిస్తే 23, 493ని భాగిస్తే 29. ఇక పని సులువు, 391 × 29 = 11339, 493 × 23 = 11339. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తూ, తీసేస్తూ పోయి కామన్ భాగాన్ని పట్టుకునే ఈ పద్ధతి గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిపెట్టాడు, రెండు వేల మూడొందల ఏళ్ల కిందటి మాట. మన స్కూల్లో భాగహార పద్ధతిలో గ.సా.భా అని చేయించింది అదే, కాకపోతే ఎందుకు చేస్తున్నామో చెప్పరు.

ఇంకో హెచ్చరిక. రెండు నంబర్లకి అయితే లబ్ధాన్ని గ.సా.భాతో భాగిస్తే క.సా.గు వచ్చేస్తుంది, 480 ÷ 4 = 120 లాగా. మూడు నంబర్లకి ఇది వాడకండి. 4, 6, 10 గుణిస్తే 240, మూడిటికీ కామన్ 2, భాగిస్తే 120 వస్తుంది, కానీ అసలు క.సా.గు 60. మూడు ఉన్నప్పుడు కారణాంకాలే రాసుకోవడం మంచిది.

మన దగ్గర ఇది కొత్తగా వచ్చిన విద్యేం కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో భిన్నాలు కూడటం కోసం క.సా.గు కనుక్కునే పద్ధతి చెప్పి దానికి నిరుద్ధం అని పేరు పెట్టాడు, హారాల్లో కామన్‌గా ఉన్నవి తీసి, మిగిలిన వాటితో గుణించమంటాడు, అంటే మనం ఇప్పుడు చేస్తున్నదే. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యంలో క.సా.గు, ఊహించుకోండి.

ఇక నాకు ఇష్టమైన భాగానికి వద్దాం. ఆరు చీటీల మీద ఆరు నంబర్లు ఉన్నాయి:

20, 22, 33, 35, 36, 42

వీటిని రెండు గుంపులు చేయాలి, ఒక గుంపులో నంబర్లన్నీ గుణిస్తే ఎంత వస్తుందో రెండో గుంపులోనూ అంతే రావాలి. గుణించి గుణించి చూస్తే సాయంత్రం అవుతుంది. విడగొట్టండి.

20 = 2 × 2 × 5
22 = 2 × 11
33 = 3 × 11
35 = 5 × 7
36 = 2 × 2 × 3 × 3
42 = 2 × 3 × 7

ముందు తక్కువసార్లు కనపడే ప్రధాన సంఖ్యని పట్టుకోవాలి, ఎప్పుడూ పెద్దదాంతోనే మొదలెట్టండి, ఎక్కువసార్లు కనపడే 2తో మొదలెడితే దారి తప్పుతారు. 11 రెండు చోట్లే ఉంది, 22లో, 33లో, కాబట్టి ఆ రెండూ ఒకే గుంపులో ఉండటానికి వీల్లేదు. 7 ఉన్నవి 35, 42, అవీ విడిపోవాలి. 5 ఉన్నవి 20, 35, అవీ విడిపోవాలి. అంటే 35 ఒకవైపు ఉంటే 20, 42 రెండూ అవతలే ఉంటాయి. ఇప్పుడు 33ని 35 పక్కన పెట్టి చూద్దాం. 3లు మొత్తం నాలుగు, చెరి రెండు రావాలి. 33లో ఒక 3 ఉంది, ఇంకొకటి కావాలి, కానీ మిగిలిన 36లో 3లు జంటగా వస్తాయి, అటు పెట్టినా ఇటు పెట్టినా కుదరదు. కాబట్టి 35 పక్కన ఉండాల్సింది 22. ఆ గుంపులో 3లు లేవు, 36 పెడితే రెండూ వచ్చేస్తాయి. 22 × 35 × 36 = 27720. అవతల 20 × 33 × 42 = 27720. ఇంకో జవాబు లేదు, ఒక్కటే.

ఇదే ఆట 1 నుంచి 10 వరకు నంబర్లతో ఆడమని ఎవరైనా పందెం కాస్తే మీరు ఎదురు పందెం కాయండి, ఎందుకంటే అది అవ్వదు. 7 ఒక్కచోటే ఉంది, అది ఏ గుంపులో ఉంటే రెండో గుంపుకి 7 దొరకదు. 1 నుంచి 20 దాకా తీసుకున్నా 11, 13, 17, 19 ఒంటరిగా ఉంటాయి. 1 నుంచి ఎక్కడిదాకా తీసుకున్నా ఇంతే, ఒక నంబర్‌కి, దాని సగానికి మధ్య ఎప్పుడూ ఓ ప్రధాన సంఖ్య ఉంటుందని 1845లో బెర్ట్రాండ్ అనే గణితవేత్త ఊహిస్తే చెబిషేవ్ నిరూపించాడు, తర్వాత 1932లో కుర్రాడిగా ఉన్నప్పుడే ఎర్డోష్ ఇంకా సింపుల్‌గా చేసి చూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యకి రెట్టింపు మన లిస్టులోనే ఉండదు, కాబట్టి దానికి జత దొరకదు.

ఇప్పటిదాకా రెండు లెక్కలూ సున్నా నుంచే మొదలయ్యాయి. నిజ జీవితంలో అలా ఉండదు, ఒకటి ముందు మొదలవుతుంది, ఒకటి తర్వాత. గోదావరి పుష్కరాలు 2003, 2015, తర్వాత 2027, పన్నెండేళ్లకోసారి. మేడారం జాతర రెండేళ్లకోసారి, 2022, 2024, 2026. ఈ రెండూ ఒకే ఏడాదిలో ఎప్పుడొస్తాయి? 12, 2లకి క.సా.గు 12 కదా, పన్నెండేళ్లకోసారి కలుస్తాయిలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పుష్కరాలు బేసి సంవత్సరంలో వస్తున్నాయి, 12 కలిపితే మళ్లీ బేసే. జాతర ఎప్పుడూ సరి సంవత్సరం. ఈ వరస ఇలాగే సాగినంత కాలం అవి కలవవు. కృష్ణా పుష్కరాలైతే 2016లో వచ్చాయి, సరి, ఆ ఏడాది ఫిబ్రవరిలో జాతర కూడా జరిగింది, 2028లోనూ రెండూ ఉంటాయి.

రూల్ ఏంటంటే, రెండు వరసలు మొదలైన చోట్ల మధ్య తేడా వాటి గ.సా.భాతో నిశ్శేషంగా పోవాలి. 2024 - 2015 = 9, గ.సా.భా 2, పోదు, కాబట్టి కలవవు. గ.సా.భా 1 అయితే ఏ తేడా అయినా దానితో పోతుంది కాబట్టి ఎక్కడ మొదలైనా ఎప్పుడో ఒకప్పుడు కలిసి తీరతాయి. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికలు 2014, 2019, 2024, ఐదేళ్లకోసారి. 12, 5లకి కామన్ ఏమీ లేదు. ఎన్నికల సంవత్సరం చివర 4 గానీ 9 గానీ ఉంటుంది కాబట్టి గోదావరి పుష్కరాల వరస రాసుకుంటూ పోతే 2027, 2039... దొరికింది, 2039. మళ్లీ 60 ఏళ్లకి, 2099లో. కృష్ణాకి అయితే 2028, 2040, 2052, 2064. ఇదంతా అసెంబ్లీ ఐదేళ్లూ పూర్తిగా నడిస్తేనే, 2018లో తెలంగాణలో ముందే రద్దు చేసి ఎన్నికలకి వెళ్లినట్టు వెళ్తే లెక్క మొత్తం జరిగిపోతుంది. పుష్కరాల వైపు కూడా చిన్న మెలిక ఉంది, అవి గురు గ్రహం ఏ రాశిలో ఉందో దాన్ని బట్టి వస్తాయి, ఆ గురుడు చుట్టి రావడానికి పట్టేది సరిగ్గా 12 కాదు, 11.86 ఏళ్లు, అందుకే ఎప్పుడో ఓసారి పదకొండేళ్లకే వచ్చేస్తుంది, హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2021లోనే జరిగింది కదా.

ఇలా ముందే తేడా ఉన్న లెక్కల్ని కలపడానికి ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో కుట్టకం అనే పద్ధతి ఇచ్చాడు. పేరులోనే ఉంది, పెద్ద నంబర్లని దంచి దంచి చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కల్లోంచి జవాబు పైకి తెస్తాడు. మన కట్టల్లాంటి చిన్న లెక్కలకి అంత అక్కర్లేదు, వరసలు రాసుకుంటే చాలు.

మళ్లీ నా సంచుల దగ్గరికి వస్తా. కట్టలు 20, 24, గ.సా.భా 4 అనుకున్నాం కదా, అంటే ఎన్ని కట్టలు ఎలా కొన్నా ముక్కలకీ సంచులకీ మధ్య తేడా ఎప్పుడూ 4 గుణిజమే వస్తుంది, 16 వచ్చింది అందుకే, 2 గానీ 6 గానీ రమ్మన్నా రాదు. ఈ ఏడాది మేం పిలిచేది తొంభై మందికి పైనే గానీ వంద దాటరు. 120 కొంటే ఎక్కువైపోతాయి. బీరువాలో వెతికితే ఆ పాత 16 సంచుల్లో వాడగా 6 మిగిలాయి. ఆ 6 కలుపుకుని సమానం చేద్దామంటే జన్మలో కుదరదు, 6 అనేది 4తో పోదు. అదే 4 ఉంటే? 24 × 4 = 96, దానికి 4 కలిపితే 100, ముక్కలు 20 × 5 = 100. రెండు సంచుల్లో కరివేపాకు పెట్టి పక్కింటి పిన్నిగారికి ఇచ్చేసి, ముక్కలు ఐదు కట్టలు, సంచులు నాలుగు కట్టలు తెచ్చా. కొట్టు అతను "సంచులు ఇంకో కట్ట తీసుకోండమ్మా, తక్కువైపోతాయి" అంటే వద్దన్నా.